మూత్రం ట్యూబు ముందు, మందు తర్వాత

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో నడుం విరిగినవాళ్లంటే అందరికీ గని కార్మికులే గుర్తొస్తారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నడుములు విరగడం మాత్రం ఆగలేదు. ముళబాగిలు హైవే మీద బైకులు, శ్రీనివాసపురం తోటల్లో మామిడి కొమ్మలు, వెన్నెముక క్షయ, ఏదో ఒకటి. అలా నడుం విరిగిన అమ్మాయి నెల తప్పితే "నీకిప్పుడు ఇదెందుకమ్మా?" అంటారు. డాక్టర్లూ అంటారు. దెబ్బతో ఆగిన ముట్టు కొన్ని నెలలకు తిరిగొస్తుంది, గర్భం అందరికీ నిలిచినట్టే నిలుస్తుంది. పక్కనే వేలూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో కాళ్లు చచ్చుబడ్డాక చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసింది. అంతకుముందు ఆమె ఎంచుకున్నది స్త్రీవైద్యం. ఆ పేరు తెలిసినవాళ్లు కూడా ఇదే ప్రశ్న వేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

కాన్పుల వార్డు నర్సుగా నేను ముందు అడిగేది, దెబ్బ ఏ పూస దగ్గర అని. ఛాతీ వెన్నుపూసల్లో ఆరోదానికో, ఆపైనో అయితే జాగ్రత్త. ఆమె మామూలు బీపీ 90/60 ఉండొచ్చు. అప్పుడు 130 కూడా ఎక్కువే. ఉన్నట్టుండి తల పగిలిపోతోందంటుంది, ముఖం కందుతుంది, మెడ మీద చెమట, నాడి నెమ్మదిస్తుంది, బీపీ 200 దాకా ఎగబాకుతుంది. చూసినవాళ్లు గుర్రపువాతం వస్తోందనుకుంటారు. కానీ ఈ బీపీ కాన్పు నొప్పి వచ్చినప్పుడు లేచి, నొప్పి తగ్గగానే దిగుతుంది.

అప్పుడు ఇంజెక్షన్ ట్రే కోసం పరిగెత్తకూడదు. లేపి కూర్చోబెట్టాలి, బొందు వదులు చేయాలి, సంచీ నుంచి పైదాకా మూత్రం ట్యూబును వేళ్లతో తడుముతూ పోవాలి. చాలాసార్లు తొడ కింద నలిగి ఉంటుంది. సరిచేయగానే సంచీలోకి బొళబొళా దిగుతుంది, నిమిషాల్లో తలనొప్పి తగ్గుతుంది. తగ్గకపోతేనే మందు.

దెబ్బ పైన ఉన్నవాళ్లకు నొప్పులు తెలియకపోవచ్చు. అందుకే పొట్ట మీద చేయి పెట్టి బిగువు చూసుకోవడం ముందే నేర్పుతాం, నెలలు నిండకముందే చేర్చుకుంటాం. "నొప్పే తెలియని మనిషికి ఎపిడ్యూరల్ ఎందుకు సిస్టర్?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అది నొప్పికి కాదు, బీపీని ఎగదోసే సంకేతాలను ఆపడానికి. గర్భసంచి తనంతట తాను బిగుస్తుంది కాబట్టి వెన్ను దెబ్బ ఒక్కటే సిజేరియన్‌కు కారణం కాదు. మంచం మీద పక్కలు మార్చడం మరిస్తే మాత్రం పుండు పడుతుంది.

డిశ్చార్జి చీటీ కన్నా ఆమె మెడలో వేలాడే కార్డు మీదే నాకు నమ్మకం. దెబ్బ ఏ పూస దగ్గర, మామూలు బీపీ ఎంత, కాన్పయ్యాక బీపీని పెంచే మెథర్జిన్ ఇంజెక్షన్ వద్దు. ఒకవైపు కన్నడం, ఇంకోవైపు తెలుగు.