కాంక్రీటులో పాత గాజు

పారవేసిన సీసాలను పగులగొట్టి ఇసుకకు బదులుగా కాంక్రీటులో కలిపినచో చెత్త బెడదయు, ఇసుక కొరతయు ఒక్కసారే తీరునను మాట తరచుగా వినవచ్చుచున్నది. గాజును చేయునది ఇసుకతోనే గదా, మరల ఇసుక స్థానమున ఉంచుటకు అభ్యంతరమేమి అని ఈ వాదము. వినుటకు ఇంపుగనే ఉన్నది గాని, ఇందొక పొరపాటు కలదు.

ఇసుకలోని క్వార్ట్జునందు సిలికాన్, ఆమ్లజని పరమాణువులు క్రమమైన స్ఫటికముగా అమరియుండును. క్షారములు దానిని సులభముగా కదల్పలేవు. సీసాగాజులో సిలికా నూటికి 70 పాళ్లకు పైగా ఉన్నను, ఆ అమరిక లేదు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడిన పిమ్మట కూడ కాంక్రీటు సన్నని రంధ్రములలో తీవ్రమైన క్షారద్రవము నిలిచియుండును. అది గాజుముక్కను తినివేసి, నీటిని పీల్చి ఉబ్బెడి జిగురును పుట్టించును. ఆ ఉబ్బునకు కాంక్రీటు బీటలు వారును. క్షార-సిలికా చర్య యను ఈ తెగులును 1940లో కాలిఫోర్నియాలో థామస్ స్టాంటన్ వెల్లడించెను. ఆయన చూచినది గాజును కాదు, కొన్ని సహజశిలల కంకరను. కాని తెగులు ఒక్కటే.

చిత్రమేమనగా, అదే గాజును 75 మైక్రానుల లోపుగా, అనగా మిల్లీమీటరులో పదమూడవ వంతు కంటె సన్నముగా నూరినచో ఫలితము తారుమారగును. ఆ పొడి, సిమెంటు గట్టిపడునప్పుడు వెలువడెడి సున్నముతో క్రమముగా కలిసి, బంధించు పదార్థముగా మారును. రోమనులు వాడిన అగ్నిపర్వతపు బూడిద చేసిన పనియు ఇదే. కావున గాజు ఇసుకకు కాదు, కొంత సిమెంటుకు బదులు కాదగినది. 2020-21లో కెనడాలోని మాంట్రియల్ నగరమున కట్టిన డార్విన్ వంతెనలలో సిమెంటులో నూటికి 10 పాళ్లు గాజుపొడి వేసిరి.

పాఠశాల ప్రదర్శనలలో సీసాముక్కలు కలిపిన దిమ్మను 28 దినముల పిమ్మట నొక్కి, బలము తగ్గలేదని చూపుట కలదు. ఈ పరీక్ష చాలదు; బీటలు కనబడుటకు ఏండ్లు పట్టవచ్చును. అందుకే పరిశోధనశాలలలో సిమెంటు కడ్డీలను 80 సెంటిగ్రేడు డిగ్రీల కాస్టిక్ సోడా ద్రవమున 14 దినములుంచి, ఎంత సాగినవో కొలుతురు. సాగుదల నూటికి 0.10 పాళ్లు మించినచో ఆ ముక్కలను అనుమానింపవలసినదే.

పొడి విషయముననైనను రెండు చిక్కులు కలవు. నూరుటకు విద్యుచ్ఛక్తి ఖర్చగును. పైగా, రంగులవారీగా ఏరిన శుభ్రమైన గాజును కరగించి మరల సీసాగా పోయవచ్చును. దానిని కాంక్రీటులో పూడ్చుట దుబారా. రంగులు కలిసిపోయి కొలిమికి పనికిరాని గాజే మరకు తగినది.