సర్వర్ సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో నిర్వచన పదాలు: యంత్రంతో మారే అర్థం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

సర్వర్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే లైసెన్సు పత్రాన్ని న్యాయవాదులకు సంబంధించిన పత్రంగానో, ధరల పట్టికకు అనుబంధంగానో భావించడం పరిపాటి. నిర్వచనాలతో మొదలై వాటి ఆధారంగానే విధినిషేధాలను చెప్పే ఈ పత్రాన్ని శాస్త్రగ్రంథాన్ని చదివినట్లు చదవవచ్చు. ఈ దృష్టితో రెండు రకాల పదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మొదటిది లెక్కపదం (ప్రాసెసర్, కోర్). రెండోది క్రియాపదం (పంపిణీ, అందజేత, సేవగా ఇవ్వడం). ఈ రెండింటి అర్థమూ అవి పుట్టిన నాటి యంత్ర నిర్మాణం మీద ఆధారపడి ఉంటుందని, యంత్రం మారినప్పుడు పదం అదే ఉండి హక్కులు మారిపోతాయని నిరూపించడం వ్యాస లక్ష్యం. తెలుగు పరిభాషా నిర్మాణంలోనూ, విద్యాసంస్థల సర్వర్ల ఎంపికలోనూ ఈ పరిశీలనకు గల ప్రయోజనం చివరి భాగంలో చర్చించబడింది.

కీలక పదాలు: సర్వర్, లైసెన్సు, కోర్, జీపీఎల్, ఏజీపీఎల్, ఎస్‌ఎస్‌పీఎల్, పరిభాష, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్.

1. ఉపోద్ఘాతం

సాఫ్ట్‌వేర్‌తో ముగ్గురికి సంబంధం ఉంటుంది: రాసినవారు, యంత్రం మీద నడిపేవారు, దాని వల్ల ప్రయోజనం పొందేవారు. సొంత కంప్యూటరులో నడిచే ప్రోగ్రాం విషయంలో చివరి ఇద్దరూ ఒక్కరే. సర్వర్ దగ్గర వారు వేరవుతారు. పరిశోధక విద్యార్థి శోధగంగలో ఒక సిద్ధాంత గ్రంథాన్ని తెరిచినప్పుడు జరిగేది ఇదే. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే ఈ భాండాగారం డీస్పేస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. ఎంఐటీ గ్రంథాలయాలు, హ్యూలెట్-ప్యాకార్డ్ సంస్థ కలిసి రూపొందించిన డీస్పేస్ 2002లో విడుదలైంది. అది బీఎస్‌డీ లైసెన్సు కింద లభిస్తుంది. విద్యార్థికి సిద్ధాంత గ్రంథం ప్రతి అందుతుంది. దాన్ని అందించిన సర్వర్ ప్రోగ్రాం ప్రతి అందదు. ఆ ప్రోగ్రాంలో నిర్వాహకులు ఏ మార్పులు చేసినా వాటిని పాఠకులకు వెల్లడించాలని బీఎస్‌డీ లైసెన్సు కోరదు.

ఇందులో తప్పేమీ లేదు. అయితే 'ప్రతి అందడం', 'అందకపోవడం' అన్న భేదం మీదనే సర్వర్ లైసెన్సుల చరిత్రలో సగం నడిచింది. మిగిలిన సగం 'ఎన్ని యంత్రభాగాలకు రుసుము' అన్న ప్రశ్న మీద నడిచింది. లైసెన్సును 'ఉచితమా, కొనాలా' అన్న ఒక్క ప్రశ్నకు కుదిస్తే ఈ రెండూ మరుగున పడతాయి.

2. పఠన పద్ధతి: సంజ్ఞ, విధి

వ్యాకరణ శాస్త్రం సంజ్ఞలతో ప్రారంభమవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మొదటిది సంజ్ఞా పరిచ్ఛేదమే. సంజ్ఞ తెలియనివారికి తర్వాతి సూత్రాలు చదవడానికి తేలికగా ఉన్నా అర్థం అందదు, లేదా తప్పుగా అందుతుంది. 2007లో వెలువడిన జీపీఎల్ మూడో రూపం కూడా సున్నా సంఖ్య వేసిన నిర్వచనాల విభాగంతోనే మొదలవుతుంది. వాణిజ్య లైసెన్సుల్లోనూ నిర్వచనాల భాగం సాధారణంగా ఉంటుంది.

లోకంలో ఒక అర్థానికి రూఢమైన పదాన్ని శాస్త్రం తన అవసరానికి వేరే అర్థంలో వాడుకోవడం తెలుగు పాఠకులకు కొత్త కాదు. కొత్తదల్లా ఆ పారిభాషికార్థం సిలికాను ముక్క నిర్మాణాన్ని బట్టి మారడం. వ్యాకరణంలో 'కళ' అంటే ఏమిటో ఒకసారి చెబితే చాలు. 'ప్రాసెసర్' అంటే ఏమిటో లైసెన్సు రాసేవారు మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చింది.

3. లెక్కపదం: ప్రాసెసర్ నుంచి కోర్‌కు

ఒక ప్రాసెసర్‌లో ఒకే కోర్ ఉన్నంతకాలం 'ప్రాసెసర్‌కు ఇంత' అన్న లెక్కలో సందిగ్ధం లేదు. గణన చేసే భాగమూ, బోర్డు మీద కంటికి కనిపించే భాగమూ ఒకటే. 2005లో ఏఎండీ, ఇంటెల్ సంస్థలు ఒకే చిప్పులో రెండు కోర్లున్న ప్రాసెసర్లను మార్కెట్లోకి తెచ్చాయి. అప్పటి నుంచి కంటికి ఒకటిగా కనిపించేది పనిలో రెండు అయింది.

ఈ మార్పును ముందే గమనించిన మైక్రోసాఫ్ట్, ప్రాసెసర్ లెక్కన లైసెన్సు ఇచ్చే తన సర్వర్ ఉత్పత్తులకు లోపలి కోర్ల సంఖ్యతో నిమిత్తం లేదని 2004 అక్టోబరులో ప్రకటించింది. అది రూఢ్యర్థాన్ని నిలబెట్టిన నిర్ణయం. కోర్ల సంఖ్య పెరుగుతూ పోగా అదే సంస్థ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2012తో, ఆపై విండోస్ సర్వర్ 2016తో కోర్ లెక్కకు మారింది. ఒరాకిల్ మార్గం వేరు. అది 'ప్రాసెసర్' అన్న పదాన్ని విడిచిపెట్టకుండా నిర్వచనాన్ని మార్చింది: కోర్ల సంఖ్యను ఒక గుణకంతో హెచ్చించగా వచ్చినదే లైసెన్సుల సంఖ్య. ఇంటెల్, ఏఎండీల ఎక్స్86 కోర్లకు ఆ గుణకం 0.5. అంటే ఆ ఒప్పందంలో ఎనిమిది కోర్లున్న ఒక్క ప్రాసెసర్‌కు నాలుగు 'ప్రాసెసర్' లైసెన్సులు కావాలి. పదం అదే, వాచ్యార్థం పోయింది. వీఎంవేర్ 2020లో మధ్యేమార్గంగా ఒక ప్రాసెసర్ లైసెన్సు 32 కోర్ల వరకే వర్తిస్తుందని పరిమితి పెట్టింది. అప్పటికి 64 కోర్ల ప్రాసెసర్లు మార్కెట్లో ఉన్నాయి.

ఒక్కొక్కటి 64 కోర్లున్న రెండు ప్రాసెసర్ల సర్వర్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. రూఢ్యర్థంలో లెక్క 2. 32 కోర్ల పరిమితితో 4. సగం గుణకంతో 64. కోర్ చొప్పున అయితే 128. ఇవి వేర్వేరు ఉత్పత్తుల లెక్కలు కనుక ఈ అంకెలను ధరలుగా పోల్చకూడదు. ఒకే యంత్రాన్ని నాలుగు నిర్వచనాలు నాలుగు విధాలుగా చూస్తాయన్నదే ఇక్కడి విషయం.

కోర్ లెక్క న్యాయమైనదన్న వాదన ఉంది. ఎక్కువ శక్తిని వాడుకునేవారు ఎక్కువ చెల్లించడం సమంజసమే. కానీ ఆచరణలో ఈ లెక్కకు కనీస పరిమితి తోడైంది. విండోస్ సర్వర్ 2016 నిబంధన ప్రకారం ప్రాసెసర్‌కు కనీసం 8, సర్వర్‌కు కనీసం 16 కోర్లకు లైసెన్సు తీసుకోవాలి. నాలుగు కోర్ల ఒకే ప్రాసెసర్‌తో నడిచే చిన్న సర్వర్ విషయంలో ఇది లేని 12 కోర్లను ఉన్నట్లు లెక్కించడమే. విద్యాసంస్థలకు ప్రత్యేక ధరలు ఉండవచ్చు; చర్చ ధర గురించి కాదు. వాడకానికి తగిన లెక్క అని సమర్థించుకున్న పదం చిన్న యంత్రం దగ్గరికి వచ్చేసరికి ఆ సమర్థనను కోల్పోతోంది.

మూలానికీ వ్యాఖ్యానానికీ ఉండే సంబంధం కూడా ఇక్కడ తారుమారవుతుంది. ఒక భౌతిక యంత్రాన్ని అనేక మిథ్యాయంత్రాలుగా విభజించినప్పుడు ఏ విభజనను గుర్తించాలో చెప్పే పత్రాన్ని ఒరాకిల్ విడిగా ప్రచురించింది. సాఫ్ట్‌వేర్‌తో చేసిన విభజనల్లో చాలావాటిని అది లెక్క తగ్గింపుకు అంగీకరించదు. ఆ పత్రం కేవలం అవగాహన కోసమేనని, ఒప్పందంలో భాగం కాదని అందులోనే రాసి ఉంది. అయినా ఎన్ని కోర్లకు చెల్లించాలన్న చర్చలో దాన్నే ముందు పెట్టుకోవలసి వస్తుంది. మూలం మౌనంగా ఉన్నచోట వ్యాఖ్య మూలమై కూర్చోవడం అంటే ఇదే.

4. క్రియాపదం: పంపిణీ నుంచి అందజేతకు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సుల్లో రుసుము లెక్క ఉండదు కనుక యంత్రం ప్రభావం క్రియాపదం మీద పడింది. 1991 నాటి జీపీఎల్ రెండో రూపం నకలు తీయడం, పంపిణీ చేయడం, మార్చడం అనే మూడు పనులకే పరిమితమైంది. ప్రోగ్రాంను నడపడం మీద ఆంక్ష లేదని స్పష్టంగా చెప్పింది. మార్చిన ప్రోగ్రాంను పంపిణీ చేసేవారు మూలసంకేతాన్ని కూడా ఇవ్వాలి. ప్రోగ్రాం వాడాలంటే దాని ప్రతిని తెచ్చుకోక తప్పని కాలంలో ఈ నిబంధన వాడుకరి హక్కును పూర్తిగా కాపాడింది.

సర్వర్ ద్వారా సేవలందడం మొదలయ్యాక వాడకం, ప్రతి విడిపోయాయి. మార్చిన ప్రోగ్రాంను తన దగ్గరే ఉంచుకొని లక్షలమందికి దాని ఫలితాన్ని అందించే సంస్థ దేన్నీ 'పంపిణీ' చేయడం లేదు. ఆ సంస్థ నిబంధనను ఉల్లంఘించలేదు; నిబంధనలోని క్రియ అక్కడిదాకా చేరలేదు.

2007 జూన్‌లో వెలువడిన మూడో రూపం 'పంపిణీ' స్థానంలో రెండు కొత్త సంజ్ఞలను పెట్టింది. మొదటిది 'వ్యాప్తి', రెండోది ఇతరులకు ప్రతి అందేలా చేసే వ్యాప్తి, అంటే 'అందజేత'. దేశదేశాల కాపీహక్కు చట్టాల్లో పంపిణీకి వేర్వేరు అర్థాలు ఉండటం ఈ మార్పుకు కారణం. పదాలు మారినా సర్వర్ విషయంలో తీర్పు మారలేదు. ప్రతి చేతులు మారకుండా నెట్‌వర్కు ద్వారా జరిగే సంపర్కం అందజేత కాదని నిర్వచనమే చెబుతుంది. అంటే రెండో రూపంలో యాదృచ్ఛికంగా మిగిలిన ఖాళీ మూడో రూపంలో బుద్ధిపూర్వకమైంది. ఇదే రూపం యంత్రాల విషయంలోనూ ఒక గీత గీసింది. మార్చిన ప్రోగ్రాంను యంత్రం మీద తిరిగి ఎక్కించుకోవడానికి కావలసిన సమాచారం కూడా ఇవ్వాలన్న నిబంధన గృహ వినియోగ పరికరాలకే వర్తిస్తుంది. ఆ గీతకు అవతల ఉన్నవి సంస్థల సర్వర్లు.

ఆ ఖాళీని పూరించే పని అదే ఏడాది నవంబరులో వచ్చిన ఏజీపీఎల్ మూడో రూపానికి అప్పగించబడింది. దాని 13వ విభాగం ప్రకారం ప్రోగ్రాంను మార్చినవారు, నెట్‌వర్కు ద్వారా దూరం నుంచి దాన్ని వాడుకునేవారికి మూలసంకేతం పొందే అవకాశం కల్పించాలి. 'ప్రతి' స్థానంలో 'సంపర్కం' వచ్చింది. ఈ మార్పు చిన్నదిగా కనిపించినా సర్వర్ యుగంలో వాడుకరి అంటే ఎవరన్న ప్రశ్నకు ఇది సూటి సమాధానం. మార్చకుండా వాడేవారికి ఈ విభాగం కొత్త బాధ్యత ఏదీ మోపదన్నది మరువరాని పరిమితి.

5. అతివ్యాప్తి దోషం: ఎస్‌ఎస్‌పీఎల్

లక్షణం చెప్పేటప్పుడు అవ్యాప్తి, అతివ్యాప్తి దోషాలు లేకుండా చూసుకోవాలన్నది తర్కశాస్త్ర నియమం. జీపీఎల్ సర్వర్ విషయంలో అవ్యాప్తికి ఉదాహరణ అయితే, మాంగోడీబీ సంస్థ 2018 అక్టోబరులో ప్రవేశపెట్టిన ఎస్‌ఎస్‌పీఎల్ అతివ్యాప్తికి ఉదాహరణ. ఈ లైసెన్సు 13వ విభాగాన్నే తిరగరాసింది. ప్రోగ్రాంను ఇతరులకు సేవగా అందించేవారు ఆ ప్రోగ్రాం మూలసంకేతంతో పాటు నిర్వహణ, పర్యవేక్షణ, నిల్వ, బ్యాకప్ వంటి పనులకు వాడే సాఫ్ట్‌వేర్ల మూలసంకేతాన్ని కూడా ఇదే లైసెన్సు కింద ఇవ్వాలి.

దీని వెనుక ఉన్న ఫిర్యాదును తోసిపుచ్చలేము. పెద్ద క్లౌడ్ సంస్థలు ఇతరులు రాసిన డేటాబేసులను సేవలుగా అమ్మి లాభపడుతున్నాయన్నది నిజం. పరిష్కారంలోనే లోపముంది. ఇతరులు వేరే లైసెన్సుల కింద రాసిన సాఫ్ట్‌వేర్‌ను తన లైసెన్సు కిందికి మార్చి ఇచ్చే అధికారం సేవను నడిపేవారికి సాధారణంగా ఉండదు. పాటించడం సాధ్యం కాని విధి ఆచరణలో నిషేధమవుతుంది. కాపీహక్కు గల సంస్థకు మాత్రం ఈ విధి వర్తించదు. అది తన సేవను యథేచ్ఛగా అమ్ముకోవచ్చు. అందరికీ సమానమైన హక్కు అన్న రూపంలో ఒకరికే మిగిలే హక్కు ఇది. ఎస్‌ఎస్‌పీఎల్ ఓపెన్ సోర్స్ లైసెన్సు కాదని ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ 2021 జనవరిలో ప్రకటించింది.

తర్వాతి పరిణామాలు ఈ విమర్శకు కొంత బలమిస్తాయి. ఎలాస్టిక్ 2021లో, రెడిస్ 2024లో ఎస్‌ఎస్‌పీఎల్‌ను తమ లైసెన్సుల్లో ఒకటిగా స్వీకరించాయి. వాటి పాత రూపాల నుంచి ఓపెన్‌సెర్చ్, వాల్కీ అనే శాఖలు పుట్టాయి. 2024లో ఎలాస్టిక్, 2025లో రెడిస్ ఏజీపీఎల్‌ను కూడా ఒక ఎంపికగా చేర్చాయి. ఈ నిర్ణయాల్లో మార్కెట్ ఒత్తిడి పాత్ర ఉండే ఉంటుంది. అయినా రెండు సంస్థలూ చేరినది 2007 నాటి నిర్వచనం దగ్గరికే.

6. తెలుగు పరిభాష, విద్యాసంస్థల సర్వర్లు

ఆంగ్లంలో ఒకే మాట వెలకూ స్వాతంత్ర్యానికీ వర్తించడం వల్ల పుట్టిన అయోమయం తెలుగులో పుట్టనవసరం లేదు. 'ఉచితం', 'స్వేచ్ఛ' వేర్వేరు మాటలు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమ సంస్థ 'స్వేచ్ఛ' పేరులోనే ఆ ఎంపిక ఉంది. అయితే ఈ సౌలభ్యం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది. జీపీఎల్ రెండో రూపంలోని క్రియనూ, మూడో రూపంలోని రెండు క్రియలనూ కలిపి 'పంపిణీ' అని అనువదిస్తే పై చర్చ అంతా తెలుగులో అదృశ్యమవుతుంది. 'ప్రతి', 'పంపిణీ', 'వ్యాప్తి', 'అందజేత', 'దూరవినియోగం' అనే ఐదు మాటలను స్థిరమైన అర్థాలతో వాడటం కనీస అవసరం. చట్టపరంగా ఆంగ్ల పాఠమే ప్రమాణం కనుక, తెలుగు పాఠం చేయవలసిన పని ఆ పాఠాన్ని సరిగ్గా బోధపరచడం.

రెండో ప్రయోజనం ఆచరణకు సంబంధించినది. కళాశాల గ్రంథాలయానికో, విశ్వవిద్యాలయ భాండాగారానికో సర్వర్ సమకూర్చుకునేటప్పుడు 'ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్' అని రాయడం చాలదు. ప్రాచీన కావ్యాన్ని ఉదాహరించేటప్పుడు ఏ ప్రతి, ఎవరి పరిష్కరణ అని చెప్పడం పరిశోధన నియమం. సాఫ్ట్‌వేర్‌కూ అదే నియమం వర్తిస్తుంది. రెడిస్ 7.2 బీఎస్‌డీ లైసెన్సు కింద ఉంది, 7.4 లేదు. పేరు ఒకటే, పాఠం వేరు. అలాగే వాణిజ్య సాఫ్ట్‌వేర్ విషయంలో యంత్రాన్ని ఎంచుకున్నాక లైసెన్సు లెక్క చూసుకోవడం కన్నా, లెక్కపదం నిర్వచనం చదివాక యంత్రాన్ని ఎంచుకోవడం వివేకం.

7. ముగింపు

లెక్కపదాల చరిత్రలో నిర్వచనాన్ని మార్చే అధికారం ఎప్పుడూ అమ్మకందారు చేతిలోనే ఉంది; యంత్రం శక్తి పెరిగినప్పుడల్లా ఆ అధికారం వినియోగమైంది. క్రియాపదాల చరిత్రలో నిర్వచనాలు కొత్త రూపాల్లో బహిరంగంగా మారాయి. పాత రూపం కింద విడుదలైన ప్రోగ్రాం ఆ హక్కులతోనే మిగిలింది. వాల్కీ వంటి శాఖ సాధ్యమైనది ఈ భేదం వల్లనే. ఏజీపీఎల్ నిర్వచనం పరిమితులు కలిగినదే అయినా, సర్వర్‌కు దూరంగా కూర్చున్న వాడుకరిని హక్కుదారుగా గుర్తించినందున, ఇక్కడ పరిశీలించిన లైసెన్సుల్లో ఎక్కువ నిర్దుష్టమైనది. తమ సిద్ధాంత గ్రంథాలను, పత్రికలను, నిఘంటువులను సర్వర్లకు అప్పగిస్తున్న తెలుగు పరిశోధక సమాజం ఆ సర్వర్లను నడిపే పత్రాల్లోని సంజ్ఞలను కూడా తన అధ్యయన పరిధిలోకి తెచ్చుకోవలసి ఉంది.