ఎండలు రాకముందే వెళ్ళిపోయిన పడవ

జాన్ స్టైన్‌బెక్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది 1939లో వచ్చిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్'. ఓక్లహోమాలో కరువూ దుమ్మూ అప్పూ కలిసి భూమిని లాగేసుకుంటే, ఒక కుటుంబం పాత బండిలో సామాను వేసుకుని కాలిఫోర్నియాకి వలసపోయే కథ. అనంతపురంవాళ్ళకి ఈ నవల విడమరిచి చెప్పక్కర్లేదు. ఓక్లహోమా ఉన్నచోట కళ్యాణదుర్గం అనీ, కాలిఫోర్నియా ఉన్నచోట బెంగళూరు అనీ చదువుకుంటే చాలు. ఆ నవల వచ్చిన మరుసటి ఏడాదే ఆయన ఒక పడవెక్కి ఎడారి దీవుల మధ్యకి వెళ్ళాడు. నేను మాట్లాడదలుచుకున్నది ఆ ప్రయాణం మీద వచ్చిన పుస్తకం గురించి: 'ది లాగ్ ఫ్రమ్ ది సీ ఆఫ్ కోర్టెజ్'.

ముందు వివరాలు. 1940 మార్చి 11న కాలిఫోర్నియాలోని మాంటెరే నుంచి 'వెస్టర్న్ ఫ్లయర్' అనే 76 అడుగుల చేపల పడవ అద్దెకి తీసుకుని బయల్దేరారు. పక్కన స్నేహితుడు ఎడ్ రికెట్స్, సముద్రజీవుల్ని అధ్యయనం చేసేవాడు. వెళ్ళింది మెక్సికో ప్రధాన భూభాగానికీ బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పానికీ మధ్య ఉన్న సన్నటి సముద్రంలోకి. ఆటు వచ్చినప్పుడు ఒడ్డున రాళ్ళు తిప్పి పీతల్నీ నక్షత్రచేపల్నీ ఏరడం, సీసాల్లో భద్రపరచడం, పేర్లు రాసుకోవడం, ఇదీ దినచర్య. 1941లో ఇద్దరి పేర్లతో, జీవుల జాబితాతో సహా పెద్ద పుస్తకం వచ్చింది. 1948లో రికెట్స్ కారుని రైలు గుద్ది చనిపోయాడు. 1951లో జాబితా తీసేసి, స్నేహితుడి మీద స్టైన్‌బెక్ రాసిన స్మృతివ్యాసం ముందు చేర్చి, ప్రయాణ కథనాన్ని విడిగా వేశారు. ఇప్పుడు మనకి దొరికేది ఎక్కువగా ఇదే.

చదవడానికి హాయిగా ఉంటుంది. 'సీ కౌ' అని పేరు పెట్టిన చిన్న బోటు మోటారు ఒకటుంది. దానితో అవసరం పడినప్పుడల్లా అది మొరాయిస్తుంది. ఆ పేజీలు చదివి నవ్వని ఇంజనీరు ఉండడు. కానీ అమెరికా పాఠకుడికి వింతగా కనపడేవి మనకి వింత కాదు. ఎండిన గోధుమరంగు గుట్టలు, ముళ్ళచెట్లు, జెముళ్ళు మనకి పుట్టిననాటినుంచీ తెలుసు. మన చేలగట్ల మీది నాగజెముడు అసలు అమెరికా ఖండాల నుంచి వచ్చిందే. శెనక్కాయ కూడా అంతే. మనకి వింతగా అనిపించేది నీళ్ళు. మన గుట్టల చుట్టూ ఎవరో నీలంగా సముద్రం పోసినట్టు ఉంటుంది. అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడుతుంది. అక్కడ అందులో సగం కూడా పడదు. చుట్టూ అంత నీరు, తాగడానికి చుక్క ఉండదు.

అయితే పుస్తకంలో ఒకటి లేదు: ఎండాకాలం. ఏప్రిల్ 20కల్లా పడవ మాంటెరేకి తిరిగొచ్చేసింది. మొత్తం ఆరు వారాలు. ఇప్పుడు అదే సముద్రంలో తెరచాప పడవల్లో కాపురం ఉండే మనుషులున్నారు. తుఫాన్ల కాలంలో దక్షిణాన ఉండటం ప్రమాదమని, ఎండలు ముదిరేసరికి ఉత్తరానికి, బాహియా దే లాస్ ఆంహెలెస్ వైపు దీవుల చాటుకి చేరతారు. డెక్ మీద గుడ్డ పందిళ్ళు వేసుకుంటారు. రాత్రి లోపల ఉక్క భరించలేక పైన పడుకుంటారు. 'చుబాస్కో' అనే గాలివాన అర్ధరాత్రి చెప్పాపెట్టకుండా వస్తే లేచి లంగరు చూసుకుంటారు. మంచినీళ్ళు లీటర్లలో లెక్కపెట్టుకుంటారు. సముద్రపు నీటిని శుద్ధి చేసే చిన్న ఆర్వో యంత్రం ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఫ్లోరైడ్ పుణ్యమా అని ఆర్వో అనే మాట మన ఊళ్ళకీ బాగా తెలిసిందే. స్టైన్‌బెక్ పుస్తకంలో ఈ కాలం లేకపోవడం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ పుస్తకంలోని తాత్వికతకీ దీనికీ సంబంధం ఉందని నా అనుమానం.

పుస్తకం మధ్యలో, ఈస్టర్ ఆదివారం నాటి అధ్యాయంలో ఒక పెద్ద వ్యాసం ఉంది. దాని మూలం రికెట్స్ రాసింది. 'నాన్-టెలియలాజికల్ థింకింగ్' అంటాడు. తేలికగా చెప్పాలంటే: 'ఇలా ఎందుకు ఉంది, ఎలా ఉండాలి' అని అడగడం మానేసి, 'ఉన్నది ఏమిటి' అని చూడటం. నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే ఇది అచ్చంగా లాగ్. ఏ క్షణాన ఏం జరిగిందో లాగ్ రాస్తుంది. ఎందుకు జరిగిందో చెప్పదు.

ఈ చూపులో బలముంది. నిరుద్యోగుల ఉదాహరణ తీసుకుంటాడు. ఉన్న పనులు కొందరికే సరిపోతున్నప్పుడు మిగిలినవాళ్ళని సోమరిపోతులని తిట్టి లాభం లేదు, ఎవరో కొందరు మిగలక తప్పదు అంటాడు. దీన్ని మన బోర్లకి అన్వయించి చూడండి. ఊరికింద నీళ్ళు కొన్ని బోర్లకే సరిపోతే కొన్ని ఎండిపోక తప్పదు. ఎండిన బోరు రైతుకి 'గ్రహచారం బాలేదు', 'చూసుకుని వేయించుకోవాల్సింది' అనే మాటలు ఎంత అన్యాయమో ఈ వ్యాసం చదివాక స్పష్టంగా తెలుస్తుంది. తప్పు మనిషి మీదనుంచి దిగిపోతుంది.

దిగి ఎక్కడికి పోతుంది? వ్యాసం అక్కడే ఆగిపోతుంది. పనులు కొన్నే ఉండాలని ఎవరు నిర్ణయించారు? విజయనగర కాలం నాటి చెరువులున్న జిల్లాలో బతుకంతా బోర్ల మీదికి ఎలా వచ్చింది? 'ఉన్నది ఉన్నట్టు' చూసేవాడికి ఈ ప్రశ్నలు అక్కర్లేదు. ఏప్రిల్లో లంగరెత్తి వెళ్ళిపోగలిగినవాడికి అక్కర్లేకపోవచ్చు. మేలో కూడా అక్కడే ఉండాల్సినవాడికి మాత్రం 'ఎందుకు' అన్నది తత్వచర్చ కాదు, వచ్చే ఏడు ఏం చెయ్యాలన్నది దానిమీదే ఆధారపడి ఉంటుంది. 'గ్రేప్స్ ఆఫ్ రాత్' రాసినవాడికి ఇది తెలుసు. ఆ నవల బలమంతా 'ఎవరు' అనే ప్రశ్నే కదా.

పుస్తకమే ఒకచోట ఈ మాట ఒప్పుకుంటుంది. గ్వాయ్‌మస్ దగ్గర జపాన్ రొయ్యల పడవలు సముద్రపు అడుగునంతా గీకి, రొయ్యలు ఏరుకుని, మిగిలిన చేపల్ని చచ్చినవాటిని చచ్చినట్టే నీళ్ళలోకి విసిరేయడం చూస్తారు. అప్పుడు 'ఉన్నది ఇది' అని ఊరుకోలేదు. కోపం వచ్చింది, ఇలా జరగకూడదన్నారు, ప్రభుత్వం ఏం చెయ్యాలో కూడా చెప్పారు. సిద్ధాంతం పక్కకి పోయింది. నాకు పుస్తకంలో అన్నిటికన్నా నిజాయితీగా అనిపించిన పేజీలు ఇవే.

ఇంకో విషయం. ఆ పడవలో స్టైన్‌బెక్ భార్య కేరల్ కూడా ప్రయాణించింది. పుస్తకంలో ఆమె ఊసే లేదు. పుస్తకమంతా నడిపించేది 'మేము' అనే మాట. 'ఉన్నది ఉన్నట్టు' రాస్తామన్న లాగ్‌లోంచి ఒక మనిషే మాయం. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి 2018 మే 21న తిరిగొచ్చిన మన నౌకాదళ తెరచాప పడవ 'తారిణి'లో ఆరుగురూ ఆడవాళ్ళే. వాళ్ళలో విశాఖ స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య తెలుగువాళ్ళు. అలాంటి పడవలో రోజుకి ఎన్ని నీళ్ళు, ఎవరు కొలిచారు అన్న లెక్కతో తెలుగులో ఒక పుస్తకం వస్తే మొదట కొనేవాళ్ళలో నేనొకణ్ణి.

ఆ లెక్క మన భాషకి కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెల ఎండల్లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, మజిలీ మజిలీకి నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దారి ఎలా ఉంది అని రాసుకుంటూ పోయాడు. తన వెనక వచ్చేవాళ్ళకి పనికొస్తుందని. అదీ లాగే. దాన్ని రాసినవాడు ఎండలో ప్రయాణం చేశాడు.

స్టైన్‌బెక్ పుస్తకం తప్పకుండా చదవండి. వీలైతే 'గ్రేప్స్ ఆఫ్ రాత్' పూర్తిచేసిన వెంటనే చదవండి. అదే మనిషి నేలమీద ఏం అడిగాడో, నీళ్ళమీదికి పోయాక ఏం అడగడం మానేశాడో పక్కపక్కన కనబడతాయి.