గోంగూర ఎవరిది?

మన సంఘాల వార్షిక సంచికలు ఏ ఊరివైనా తీసి చూడండి, ఒక గోంగూర వ్యాసం తప్పకుండా ఉంటుంది. పరాయి దేశంలో మొదటి ఏడాది, ఇండియన్ స్టోర్ లేని ఊరు, అమ్మ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి పంపిన సీసా, చివర 'ఆంధ్రమాత'కు ఒక దణ్ణం. నేనూ అలాంటిది ఒకటి రాశాను కనుక వీటిని వెక్కిరించే హక్కు నాకుందనే అనుకుంటున్నాను. గోంగూర రుచి మనకు తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదన్న ధీమా ఒకటి వీటన్నిటిలోనూ ఉంటుంది.

దాని పక్క పేజీలోనే ఇంకో రకం వ్యాసం కనిపిస్తుంది: ప్రపంచ వంటలు మన వంటింట్లో. పాస్తాకి పోపు, టోఫూతో పులుసు. చదవడానికి సరదాగానే ఉంటాయి. కాని అవతలివాళ్ళ వంట వండామని చెబుతూ మన వంటనే ఇంకోసారి వండుకుంటున్నామేమోనని నా అనుమానం. ఈ అనుమానం నాకు రంగూన్‌లో పుట్టింది.

2013లో బర్మా భాష నేర్చుకోవడానికి అక్కడికి వెళ్ళి ఒక ఏడాది ఉన్నాను. ఎందుకు ఆ భాష అని చాలామంది అడిగారు. మా తాతమ్మ 'రంగం వెళ్ళొచ్చిన మనిషి'. కాకినాడ వైపు పల్లె నుంచి తాతయ్యతో వెళ్ళి, 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షలమందితో పాటు నడిచి తిరిగొచ్చింది. దాని గురించి ఇంట్లో ఇంతకంటే మాటల్లేవు.

వారాంతాల్లో క్లాసులో స్నేహితురాలు తాకేటాలో వాళ్ళింటికి తీసుకెళ్ళేది. నగరానికి తూర్పున పజుండౌంగ్ కాలువ దాటితే తాకేటా. 1950ల చివర, నడిబొడ్డున గుడిసెల్లో ఉన్నవాళ్ళను తరలించడానికి కట్టిన కొత్త పేటల్లో అదొకటి. స్నేహితురాలి తల్లిని వాళ్ళలాగే నేనూ 'అమే' అని పిలిచేదాన్ని. బర్మాలో అమ్మ అని అర్థం. గుమ్మంలోనే ఆవిడ అడిగే మొదటి మాట "థమిన్ సా పీ బీ లా?" అంటే అన్నం తిన్నావా అని. ఇక నాకు పరాయితనం ఏముంటుంది?

మొదటిరోజు బల్లమీద గోంగూర కనిపించింది. వాళ్ళు 'చిన్‌బౌంగ్' అంటారు. ఆకు నూరలేదు. ఉల్లి, వెల్లుల్లి, పసుపు వేగాక పచ్చిమిరప, ఎండు రొయ్యలు, వెదురు కొమ్ములు, కాస్త ఙపీ వేసి, ఆకు మెరిసేదాకా నూనెలో మగ్గించారు. ఙపీ అంటే ఉప్పులో ఊరబెట్టిన చేపల ముద్ద. ఆ వాసనకు మొదట ఊపిరి బిగబట్టాను. తర్వాత నోట్లో పెట్టుకుని, ఇంకేం, మన గోంగూరే కదా అని సగం గిన్నె అన్నంలో వేసుకుని ముద్దగా కలిపాను. బల్ల చుట్టూ ఆరుగురున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అమే లేచి మిగిలిన సగం కూడా నా ముందుకు జరిపింది.

నా తప్పు రెండు మూడు వారాలకు గాని అర్థం కాలేదు. మన భోజనానికి ఒక వరస ఉంది: పప్పు, కూర, పులుసు, పెరుగు. అక్కడ వరస లేదు. కూర, ఆకు, పచ్చి కూరముక్కలు, నంజుకోవడానికి ఙపీ నీళ్ళు, పల్చని చారు, అన్నీ ఒకేసారి వస్తాయి. ఒక్కో స్పూను తీసుకుంటూ పోవాలి, చారు మధ్యమధ్య తాగాలి. చిన్‌బౌంగ్ ఆ భోజనంలో ఒక మాట మాత్రమే. నేను దాన్ని వాక్యమంతా చేసేశాను. రుచి తెలిసినంత మాత్రాన భోజనం తెలిసినట్టు కాదు.

హాస్టల్లో మొహింగా వండినప్పుడు ఇదే తప్పు ఇంకా పెద్దగా చేశాను. చేపల చారులో నిమ్మగడ్డి, అరటి దవ్వ, వేయించిన శనగపిండి పడే నూడుల్స్ వంట అది. నేను చేప తీసేసి, ఙపీ తీసేసి, సాంబారు పొడి వేసి, ఫొటోలు తీసి ఇంటికి పంపాను. అమే ఒక చెంచా తిని "బాగుంది, దీని పేరేమిటి?" అంది.

వంటల పుస్తకాల్లో నాకు నచ్చినవి ఈ విషయంలో మొహమాటపడనివి. నయోమీ డుగీడ్ 2012లో తెచ్చిన 'బర్మా' పుస్తకం ముందుగా వేయించిన శనగపిండినీ ఎండు రొయ్యల పొడినీ ఉల్లినూనెనూ సిద్ధం చేసుకోమంటుంది. మీమీ ఏ, 2019లో 'మాండలే' రాసినావిడ, అజినొమొటోను దాచకుండా వెనకేసుకొస్తుంది. కాని ఏ పుస్తకమైనా అమే దగ్గర విన్న 'సీ బ్యన్'ను పట్టివ్వలేదు. 'నూనె తిరిగి రావడం' అని ఆ మాటకు అర్థం. మా అమ్మమ్మ 'నూనె పైకి తేలేదాకా' అంటుందే, అదే గుర్తు. పుస్తకం నిమిషాలు చెబుతుంది, వంటిల్లు గుర్తులు చెబుతుంది.

ఇంకో లోటుంది, అది మనకు తగులుతుంది. బర్మా వంటలో భారతీయుల ప్రభావం అనగానే సమోసా, పలాటా, బిర్యానీ పేర్లు వస్తాయి. అవి అంగడి వంటలు. రేవులో మూటలు మోసిన తెలుగువాళ్ళను అక్కడ కోరంగి రేవు పేరుతోనే కోరంగీలనేవారు. 1930 మేలో రేవు సమ్మె నుంచి పుట్టిన అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్ళే. వాళ్ళ పొయ్యిమీద ఏం ఉడికిందో ఏ వంటల పుస్తకంలోనూ నాకు దొరకలేదు. మనవాళ్ళూ రాసిపెట్టలేదు. 'రంగూన్ రౌడీ' నాటకం పేరు మనకు గుర్తుంది గాని రంగూన్ వంటిల్లు గుర్తులేదు.

తాతమ్మ గోంగూర నూరేది కాదట. నూనెలో వెల్లుల్లి, ఎండు రొయ్యలు వేసి ఆకును అలాగే మగ్గించేదట. 'ముసలామెకు రోలు దగ్గర బద్ధకం' అని ఇంట్లో నవ్వుకునేవారు. తాకేటా నుంచి ఫోన్ చేసినప్పుడు అమ్మమ్మ ఈ సంగతి చెబితే నాకు ఒళ్ళు జలదరించింది. వ్యాసానికి ఇంతకంటే మంచి ముగింపు ఉండదనుకున్నాను. కాని గోంగూర ఎండు రొయ్యలు కోనసీమలోనూ వండుతారు, రంగం గడప తొక్కనివాళ్ళూ వండుతారు. కనుక ఆవిడ దాన్ని రంగూన్ నుంచి తెచ్చిందని రాయను. ఆవిడ బతికుండగా ఎవరైనా అడిగి ఉంటే రాసేదాన్ని.

2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక తాకేటాకు ఫోన్ దొరకడం గగనమైంది. ఒకసారి దొరికినప్పుడు అమేకు తాతమ్మ గోంగూర సంగతి చెప్పాను. ఆవిడ కాసేపాగి, "వెదురు కొమ్ములు వేసేదా?" అని అడిగింది. అమ్మమ్మను అడిగి చెబుతానన్నాను. అడిగితే అమ్మమ్మకు గుర్తులేదు.