ప్రసంగం లేని శుభ శుక్రవారం: బాఖ్ యోహాను ప్యాషన్, ఆ కాలపు వాద్యాలు

ప్రాచీన సంగీతాన్ని అది పుట్టిన కాలపు వాద్యాలతో, ఆనాటి సంఖ్యలోని గాయకులతో వినిపించాలనే ప్రయత్నం ఐరోపాలో ఇరవయ్యవ శతాబ్దపు రెండవ సగంలో ఒక ఉద్యమంగా బలపడింది. దాని మంచిచెడ్డలను సంగీత విమర్శకులు విస్తారంగా చర్చించారు. వేదాంత విద్యార్థులు మాత్రం అది తమ విషయం కాదన్నట్టు ఊరుకొన్నారు. ఇది పొరపాటని నా అభిప్రాయం. ఒక వాక్యభాగాన్ని దాని జీవన సందర్భంలో ఉంచి చదవాలని వ్యాఖ్యానశాస్త్ర తరగతిలో నేర్చుకొన్నవారికి ఈ ఉద్యమం వేసే ప్రశ్న పరిచయమైనదే. వ్రాతప్రతి మన చేతిలో ఉంది. అది మొదట ఎవరి నోట, ఎవరి మధ్య, ఏ పని కోసం పలికింది?

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ యోహాను సువార్త 18, 19 అధ్యాయాలకు కూర్చిన ప్యాషన్ ఈ ప్రశ్నకు మంచి పరీక్ష. 1724 ఏప్రిల్ 7న, శుభ శుక్రవారం సాయంకాల ఆరాధనలో, లైప్సిగ్ లోని సెయింట్ నికోలస్ దేవాలయంలో అది మొదటిసారి వినబడింది. ముందుగా సెయింట్ థామస్ దేవాలయం అనుకొని బాఖ్ ప్రకటన కూడా అచ్చువేయించాడు. నగరసభవారు స్థలం మార్చమన్నప్పుడు, గాయకులకు చోటు చాలదనీ హార్ప్‌సికార్డ్ మరమ్మతు కావాలనీ ఆయన మొరపెట్టుకొన్నాడు. కొత్త ప్రకటనలు వేయించి, ఆ రెండు పనులూ చేయించడానికి సభవారు ఒప్పుకొన్నారు. గాయకులకు చోటు, వాద్యాలకు మరమ్మతు అనే తగవు ఈనాటి మన సంఘాల్లో క్వయర్ నడిపేవారికి కొత్తేమీ కాదు.

ఆ సాయంకాలపు క్రమం ఇది. సంఘం కీర్తనతో ఆరంభం. తరువాత ప్యాషన్ మొదటి భాగం. ఆపైన మరొక కీర్తన, సుమారు గంటసేపు ప్రసంగం. అటుపిమ్మట రెండవ భాగం, యాకోబ్ హాండల్ అనే పాతకాలపు సంగీతకర్త కూర్చిన లాటిన్ సమాధి గీతం, ప్రార్థన, ఆశీర్వాదం, చివరి కీర్తన. అంటే ఆ ఆరాధనకు నడుమ నిలిచినది సంగీతం కాదు, ప్రసంగం. సంగీతం దానికి రెండు రెక్కలు.

ఇందులో ఎంత తిరిగి దొరికింది? 1829 మార్చి 11న బెర్లిన్ లో ఫెలిక్స్ మెండెల్‌సన్ మత్తయి ప్యాషన్ ను మళ్లీ వినిపించినప్పుడు 150కి పైగా గాయకులను నిలబెట్టాడు, చాలా భాగాలు తీసివేశాడు, అప్పటికి వాడుక పోయిన ఓబో జాతుల బదులు క్లారినెట్లు పెట్టాడు. మరచిపోయిన గ్రంథాన్ని లోకానికి తిరిగి ఇచ్చినందుకు ఆయనకు రుణపడి ఉన్నాం. అయితే ఆయన ఇచ్చింది కచేరీ సభకు. 1953లో వియన్నాలో నికొలాస్ హార్నన్‌కూర్ స్థాపించిన కాన్సెంటుస్ మూజికుస్ వంటి బృందాలు వాద్యాలను వెనక్కు తెచ్చాయి. పేగు తీగలు, పాత కమానులు, మీటలు లేని బూరలు, నేటికంటె సుమారు అర స్వరం తక్కువ శ్రుతి వచ్చాయి. 1981లో అమెరికా పండితుడు జాషువా రిఫ్కిన్ గాయకుల లెక్కను కదిపాడు. నిలిచి ఉన్న స్వరప్రతులను బట్టి చూస్తే, బాఖ్ సాధారణంగా ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క గాయకునితోనే పాడించాడని ఆయన వాదం. దీన్ని కాదనేవారు 1730 ఆగస్టు 23న బాఖ్ నగరసభకు సమర్పించిన వినతిపత్రాన్ని చూపుతారు. ఒక్కొక్క క్వయర్ కు కనీసం 12 మంది, వీలైతే 16 మంది ఉండాలని అందులో ఉంది. అది పాడినవారి లెక్కా, జబ్బుపడినవారి బదులు కూడా చాలే జాబితా లెక్కా అన్న తగవు నేటికీ తెగలేదు. దాన్ని తెంచే అర్హత నాకు లేదు. నాకు కావలసినది వేరే.

వాద్యం మారితే వాక్యం అర్థం మారుతుందా? ఒక్కచోట మారుతుందని ఖచ్చితంగా చెప్పగలను. యోహాను 19:30లోని "సమాప్తమైనది" అన్న మాట పలికిన వెంటనే ఆల్టో స్వరానికి ఒక ఏకగానం ఉంది. దానికి తోడుగా బాఖ్ వయోలా ద గాంబాను ఎంచుకొన్నాడు. చెల్లోలాగే కాళ్ల నడుమ నిలిపి వాయించే వాద్యమే గాని ఆరేడు తీగలు, మెడమీద మెట్లు, కమాను పట్టే తీరు వేరు. నాదం పలుచన. పలికిన వెంటనే తరిగిపోయే స్వరం. 1724 నాటికే అది పాతబడిన వాద్యం. బాఖ్ తన యౌవనంలో కూర్చిన మరణ సంబంధమైన కాంటాటాలోను, 1727లో సాక్సనీ రాణి సంస్మరణకు కూర్చిన శోకగీతంలోను గాంబాలనే వాడాడు. కాబట్టి లైప్సిగ్ శ్రోత చెవికి అది చావింటి నాదం. గానం మధ్యలో ఒక్కసారిగా తీగవాద్యాలన్నీ లేస్తాయి, లయ పరుగందుకొంటుంది, యూదా గోత్రపు వీరుడు జయించాడన్న కేక వినబడుతుంది. అది అంతే హఠాత్తుగా ఆగిపోయి, మళ్లీ ఆ పాత గాంబా తన విలాపానికి తిరిగి వస్తుంది.

యోహాను ఉపయోగించిన గ్రీకు క్రియ ఓటమి మాట కాదనీ నెరవేర్పు మాట అనీ మనం ప్రసంగాల్లో చెబుతాం. అది నిజమే. కాని ఆ విజయాన్ని సిలువ దిగిరాని విజయంగా వినిపించడం మాటలకు కష్టం. నేటి చెల్లో నిండైన నాదంతో ఈ గానం విన్నప్పుడు మొదటి భాగమే గంభీరంగా, బలంగా ఉంటుంది, నడిమి విజయం దానికి కొనసాగింపులా తోస్తుంది. గాంబాతో విన్నప్పుడు ఆ రెంటికీ నడుమ అగాధం కనిపిస్తుంది. విజయం బలహీనతను తుడిచివేయదు, దాని లోపలే ఉండి మళ్లీ కనుమరుగవుతుంది. లూథర్ సిలువ వేదాంతం అన్నది ఇదే. ఆ కాలపు వాద్యం ఇక్కడ అలంకారం కాదు, వ్యాఖ్యానం.

గాయకుల విషయంలో కూడా ఎంతమంది అన్నదానికన్న ఎవరు ఏమి పాడారన్నది ముఖ్యం. బాఖ్ వ్రాయించిన స్వరప్రతులలో యేసు మాటలు పాడే మంద్రస్వర గాయకుని కాగితం మీదనే జనసమూహపు కేకలూ ఉన్నాయి, కోరల్ అనే సంఘకీర్తనలూ ఉన్నాయి. సువార్తికునిగా పాడే టెనర్ సంగతీ అంతే. అనగా క్రీస్తు పక్షాన మాటలాడిన నోరే, "సిలువవేయుము" అని కూడా అరిచింది, కొట్టినది తానేననీ తన పాపాలేననీ కూడా ఒప్పుకొంది. నేటి కచేరీలలో యేసు పాత్రధారి కోటు వేసికొని వేదిక ముందర కూర్చుంటాడు, కేకలు వెనుక నిలుచున్న వంద మందివి. చూచేవారికి దోషులు ఎవరో దూరాన కనబడతారు. కొద్దిమంది గాయకుల పద్ధతిలో ఈ దూరం లేదు. యేసు తల వంచి ప్రాణం విడిచిన తరువాత వచ్చే మంద్రస్వర ఏకగానాన్ని కూడా బాఖ్ అదే గాయకునికి ఇచ్చాడు. మరణించిన రక్షకుణ్ణి ఇక నేను చావు నుండి విడుదలైనట్టేనా అని అడిగేది ఆయన స్వరమే. దీన్ని రంగస్థల నియమంతో చూస్తే పొరపాటు, ఆరాధనగా చూస్తే ఒప్పుకోలు.

ఇంతవరకు ఈ ఉద్యమానికి నేను వకీలునే. ఇక అభ్యంతరం.

అమెరికా విమర్శకుడు రిచర్డ్ టారుస్కిన్ 1995లో సంపుటంగా వచ్చిన తన వ్యాసాల్లో, ప్రామాణికత పేరుతో వినబడేది గతం కాదు, ఇరవయ్యవ శతాబ్దపు అభిరుచే అని వాదించాడు. చురుకైన నడక, తేలికైన నాదం, భావోద్రేకం పట్ల అనుమానం మన కాలపు ఇష్టాలు, వాటికి పాత వాద్యాలు సాక్ష్యం పలుకుతున్నాయని ఆయన భావం. గాంబా విషయంలో ఆయనతో నేను పూర్తిగా ఏకీభవించలేను. కాని ఏమి తిరిగి తెచ్చారు, ఏమి వదిలేశారు అని చూస్తే ఆయన మాట నిజమనిపిస్తుంది. పేగు తీగ తెచ్చారు. గంట ప్రసంగం తేలేదు. కూర్చుని పాడే సంఘాన్ని తేలేదు. మన కాలం వేటిని భరించలేదో అవే మిగిలిపోయాయి.

ఈ లోటును గుర్తించినవారు లేకపోలేదు. స్కాట్లాండ్ కు చెందిన డనీడిన్ కాన్సర్ట్ బృందం జాన్ బట్ నాయకత్వంలో 2013లో వెలువరించిన ముద్రణ యోహాను ప్యాషన్ ను 1724 ఆరాధన క్రమంలో ఉంచి వినిపిస్తుంది. ఆర్గన్ పూర్వగీతాలు ఉన్నాయి, సంఘం పాడినట్టుగా ఏకస్వరంలో కీర్తనలు ఉన్నాయి, చివర సమాధి గీతం, ఆశీర్వాదం ఉన్నాయి. శిక్షణ పొందిన గొంతుల తరువాత ఆ మామూలు గొంతుల కీర్తన వినబడినప్పుడు కలిగే ఊరట మాటల్లో చెప్పలేనిది. ప్యాషన్ లోని కోరల్‌లను 1724లో సంఘం కలిసి పాడిందనడానికి ఆధారాలు చాలవు గాని, ఆ రాగాలు వారికి కంఠస్థం. చుట్టూ ఉన్న కీర్తనలు వింటేనే లోపలి కోరల్‌లు ఎవరి తరఫున పలుకుతున్నాయో తెలుస్తుంది. నేను విన్నవాటిలో ఇది ఉత్తమమైన ముద్రణ.

అయినా ప్రసంగం డిస్కులో లేదు. హాంబర్గ్ బోధకుడు ఎర్డ్‌మన్ నాయ్‌మైస్టర్ ప్రసంగాన్ని కావలసినవారు వేరుగా దింపుకొనేలా ఇచ్చారు. ప్రసంగాన్ని ఇష్టమైతే వినవచ్చునన్న అనుబంధంగా మార్చడం ఒక సంగతి. అసలు చిక్కు అది కాదు. మూడు వందల ఏళ్ల నాటి గాంబా నమూనాను చూసి అలాంటి గాంబాను తయారు చేయవచ్చు. మూడు వందల ఏళ్ల నాటి ప్రసంగాన్ని చదివితే మాత్రం అది ప్రసంగం కాదు, పత్రం. 1724లో జనం విన్నది ఆ సంవత్సరపు మాట. చరిత్రకు నిజంగా విధేయులం కావాలంటే ఆ స్థానంలో ఈ సంవత్సరపు మాట ఉండాలి.

అది ఎందుకు తప్పనిసరో యోహాను ప్యాషనే చెబుతుంది. "యూదులు" అన్న పదం అందులో పదే పదే వస్తుంది, జనసమూహపు కేకలను బాఖ్ ఎంతో శక్తితో కూర్చాడు. 1998లో మైకెల్ మారిసన్ ఈ విషయం మీద ఒక చిన్న పుస్తకమే వ్రాశాడు. కోరల్‌లు, ఏకగానాలు దోషాన్ని యూదుల మీద కాక పాడే విశ్వాసి మీద మోపుతున్నాయని ఆయన చూపాడు. అది సరైన పఠనమే, పైన చెప్పిన ఒకే నోటి సంగతి దానికి బలమిస్తుంది. అయితే ఆ వాక్యాలను ఐరోపా సంఘాలు చరిత్రలో ఎలా వాడుకొన్నాయో 1945 తరువాత ఎవరూ తెలియదనలేరు. అమెరికాలోని ఎవాంజెలికల్ లూథరన్ సంఘం 1994లో యూదులకు వ్యతిరేకంగా లూథర్ వ్రాసిన వ్రాతలను బహిరంగంగా నిరాకరించింది. పేగు తీగ ఈ మాట చెప్పలేదు. కార్యక్రమపత్రంలోని వ్యాసం చెప్పగలదు గాని దాన్ని ఎంతమంది చదువుతారు? ఇది పుల్పిట్ మీద చెప్పవలసిన మాట, ఆ పుల్పిట్ కు స్థలం బాఖ్ కూర్పులోనే ఉంది.

శుభ శుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటల ఆరాధనలో మాటకొక ప్రసంగం, నడుమ కీర్తనలుగా మూడు గంటలు కూర్చునే తెలుగు సంఘాలకు ఈ అల్లిక వింత కాదు. లైప్సిగ్ లో ఆ సాయంకాలం జరిగినదాన్ని ఊహించడం ఐరోపా కచేరీ శ్రోతకంటె మనకే తేలిక అనిపిస్తుంది.

బాఖ్ మొదటి భాగాన్ని ఎక్కడ ఆపాడో గమనించండి. పేతురు మూడవసారి బొంకాడు, కోడి కూసింది. యోహాను సువార్తలో పేతురు ఏడ్చినట్టు లేదు. ఆ ఏడ్పును మత్తయి 26:75 నుండి తెచ్చి చేర్చారు. దానిపై టెనర్ ఒక ఏకగానం పాడతాడు, ఆపైన ఒక కోరల్. 1724లో సంఘం ఒక కీర్తన పాడుతుండగా బోధకుడు పుల్పిట్ ఎక్కినది అప్పుడే. నేటి కచేరీ సభల్లో ఆ చోట దీపాలు వెలుగుతాయి, జనం కాఫీకి లేస్తారు.