కుటుంబ సాహిత్యం – ఎంపిక కొలబద్దలు

మా అక్క గుంటూరులో ముప్ఫై ఏళ్ళుగా సండేస్కూలు పాఠాలు చెబుతోంది. నేను చర్చికి వెళ్ళడం మానేసి అంతకంటే ఎక్కువ కాలమే అయింది. దేవుడి గురించి మా మధ్య వాదనలు ఎప్పుడో అయిపోయాయి. ఇప్పుడు మిగిలినవి పుస్తకాల గురించిన వాదనలే. ఈమధ్య వేసవి బైబిలు తరగతుల కోసమని ఒక జాబితా నా ఫోనుకు పంపి, "ఒరేయ్, ఇందులో కొన్ని నువ్వు చూసే ఉంటావు గదా, పెద్దపిల్లలకు ఏవి పనికొస్తాయో చెప్పు" అంది.

జాబితా అమెరికాలో తయారైంది. అందులో ఆశ్చర్యమేం లేదు. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు చేరినప్పటి నుంచి మా ఇళ్ళకు పాటల పుస్తకాలూ, పటాలూ, పిల్లల కథలూ అటునుంచే వస్తున్నాయి. కుటుంబమంతా కలిసి చూడదగిన సినిమాలు, చదవదగిన పుస్తకాలు అని శీర్షిక. ప్రతి పేరుకీ ఎదురుగా గడులు: బూతుమాటలు ఎన్ని, ముద్దులు ఎన్ని, రక్తం ఎంత, మద్యం ఉందా, మంత్రాలున్నాయా, పెద్దలకు ఎదురుతిరగడం ఉందా. చివరి గడి మనస్తత్వశాస్త్రానిది. పిల్లవాడికి భయం కలుగుతుందా, ఆందోళన మిగులుతుందా అని. అంటే వేదగ్రంథమూ, మానసిక వైద్యుడూ ఇద్దరూ సంతకం పెట్టిన కాగితమన్నమాట.

నవ్వి పక్కన పడేయడం తేలిక. అభ్యుదయ విమర్శకులుగా మనం సాధారణంగా చేసే పని అదే. కాని పిల్లవాడి చేతిలోకి ఏది వెళుతున్నదో తెలియని తల్లి భయం నిజమైన భయం. పిల్లల్ని కొనుగోలుదార్లుగా తప్ప మరోలా చూడని మార్కెట్టుకు ఎక్కడో ఒకచోట అడ్డు నిలవాలన్న కోరిక ఆ గడుల వెనక ఉంది. అంచేత ఎంపిక ఉండాలా వద్దా అన్నది ప్రశ్న కాదు. దేన్ని కొలిచి ఎంచుతున్నామన్నదే ప్రశ్న.

ఈ కొలబద్దలకు చరిత్ర ఉంది. 1930లో హాలీవుడ్ నిర్మాతలు ఒక నియమావళిని ఆమోదించారు. దాన్ని రాసిన వాళ్ళు ఇద్దరు: సినిమా వ్యాపార పత్రికలు నడిపిన క్యాథలిక్కు మార్టిన్ క్విగ్లీ, జెస్యూట్ గురువు డేనియల్ లార్డ్. 1934లో 'లీజియన్ ఆఫ్ డీసెన్సీ' పేరిట క్యాథలిక్కులు లక్షలమంది చేత చెడ్డ సినిమాలు చూడమని ప్రతిజ్ఞలు చేయించాక, వసూళ్ళు పోతాయన్న భయంతో పరిశ్రమ లొంగింది. జోసెఫ్ బ్రీన్ చేతి మీదుగా నియమావళి గట్టిగా అమలయింది. 1968 దాకా బతికింది. అందులోని మూడు నిబంధనలు చూడండి. ప్రేక్షకుడి సానుభూతి నేరం వైపు, పాపం వైపు పోకూడదు. మతగురువును విదూషకుడిగా గాని దుర్మార్గుడిగా గాని చూపకూడదు. తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ మధ్య లైంగిక సంబంధం చూపకూడదు. ఈ మూడూ ఒకే కాగితం మీద, నీతి పేరుతోనే ఉన్నాయి. మొదటిది నీతిశాస్త్రంలా వినిపిస్తుంది. రెండోది సంస్థ పరువు. మూడోది బానిస యజమానుల చట్టానికి కొనసాగింపు. పాపం పేరు చెప్పి జాతి గోడను కాపాడిన ఆ కాగితాన్ని తయారుచేసిన వాళ్ళు క్రీస్తు పేరు చెప్పుకునే వాళ్ళే కావడం మా అక్కకు నేను చెప్పిన మొదటి మాట. "నాకు తెలియదురా" అంది. చాలామందికి తెలియదు.

మనస్తత్వశాస్త్రం సంగతి ఇంకా చిక్కయింది. 1954లో ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్ పుస్తకాలు పిల్లల్ని నేరస్తుల్ని చేస్తున్నాయని 'సెడక్షన్ ఆఫ్ ది ఇన్నోసెంట్' రాశాడు. ఆయన అభివృద్ధి నిరోధకుడు కాదు. హార్లెంలో పేద నల్లవారి కోసం 1946లో మానసిక చికిత్సాలయం తెరిచాడు. దానికి మార్క్సు అల్లుడు పాల్ లఫార్గ్ పేరు పెట్టాడు. వేర్వేరు బడులు నల్లపిల్లల మనసులకు చేసే హాని గురించి కోర్టులో సాక్ష్యం చెప్పాడు. అలాంటివాడు, తన దగ్గరికొచ్చిన పిల్లల మాటల్ని మార్చి, కలిపి, తన వాదానికి అనుకూలంగా మలిచాడని ఆయన కాగితాలు పరిశీలించిన కెరొల్ టిల్లీ 2012లో చూపింది. ఇల్లు, ఆకలి, జాతి వివక్ష మధ్య పెరిగే పిల్లవాడి కష్టానికి పది సెంట్ల పుస్తకం మీద నేరం మోపడం సులువు.

ఆ గాలిలోనే 1954లో కామిక్ ప్రచురణకర్తలు తమకు తామే ఒక నియమావళి పెట్టుకున్నారు. అది వెర్థమ్ రాసింది కాదు. 1956లో 'జడ్జిమెంట్ డే' అనే కథ పునర్ముద్రణకు వచ్చింది. రంగును బట్టి ఒకరినొకరు వెలివేసుకున్న యంత్రమానవుల గ్రహానికి భూమి నుంచి తనిఖీదారు వస్తాడు. చివరి బొమ్మలో శిరస్త్రాణం తీస్తే అతను నల్లవాడు. ఆ మనిషిని తెల్లవాడిగా మార్చమని నియమావళి అధికారి అడిగాడు. ప్రచురణకర్త ఒప్పుకోక అలాగే అచ్చువేశాడు. ఆ కథలో రక్తం లేదు, ముద్దు లేదు. అయినా అభ్యంతరం వచ్చింది.

ఇక జాబితాలోకి వస్తాను. 'చూపించరాదు' అన్న వరసలో నాకు కనిపించిన సినిమా 'ది నైట్ ఆఫ్ ది హంటర్', 1955 నాటిది. నటుడు చార్లెస్ లాటన్ దర్శకత్వం వహించిన ఒకే ఒక్క సినిమా అది. అప్పట్లో ఆడలేదు. కారణాలుగా గడుల్లో హత్య, భయం, మతగురువు పట్ల అగౌరవం అని ఉంది. క్రైస్తవ విశ్వాసాన్నీ, పసివాడి మనసునూ ఒకేచోట ఇంత గంభీరంగా చూసిన సినిమా ఆ మొత్తం జాబితాలో మరొకటి లేదని నా అభిప్రాయం.

కథ ఆర్థిక మాంద్యం నాటిది. బెన్ హార్పర్ అనే తండ్రి, తిండిలేక తిరిగే పిల్లల్ని చూసి తన పిల్లలకు ఆ గతి పట్టకూడదని బ్యాంకు దోచి, ఇద్దర్ని చంపి, పదివేల డాలర్లు కూతురి బొమ్మలో దాస్తాడు. ఆ రహస్యం ఎవరికీ చెప్పనని కొడుకు జాన్ చేత ప్రమాణం చేయిస్తాడు. పోలీసులు తండ్రిని నేలకేసి అదిమి సంకెళ్ళు వేస్తుంటే పిల్లవాడు పొట్ట పట్టుకుని వద్దు వద్దంటాడు. తండ్రికి ఉరి. జైలుగదిలో అతనితో గడిపిన పావెల్ అనే దొంగ బోధకుడు డబ్బు వాసన పట్టి ఊళ్ళోకి దిగుతాడు. ఒక చేతివేళ్ళ మీద ప్రేమ అని, మరో చేతివేళ్ళ మీద ద్వేషం అని పచ్చబొట్లు. ఊళ్ళో పెద్దమనుషులు మురిసిపోయి, వితంతువును ఒత్తిడి చేసి అతనికి కట్టబెడతారు. అతను ఆమెను చంపుతాడు. పిల్లలిద్దరూ పడవలో ఏటికి అడ్డంపడి పారిపోతారు.

జాబితాకు ఇక్కడ కనిపించేది దుర్మార్గుడైన బోధకుడొక్కడే. వాళ్ళను తీరాన దించి ఇంట్లోకి తీసుకున్న రేచెల్ కూపర్ కనిపించదు. లిలియన్ గిష్ వేసిన ఆ ముసలమ్మ దిక్కులేని పిల్లల్ని చేరదీసి, కోడిగుడ్లమ్ముకుని, రాత్రిపూట బైబిలు కథలు చెబుతుంది. పావెల్ ఇంటి బయట కూర్చుని కీర్తన అందుకుంటే, ఒళ్ళో తుపాకి పెట్టుకుని అదే కీర్తనకు ఆమె గొంతు కలుపుతుంది. పాట ఒకటే, పాడేవాళ్ళు ఇద్దరు. మతం ఎవరి చేతిలో ఏమవుతుందో ఇంతకంటే స్పష్టంగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. పావెల్‌ను దించేసి ఈ ముసలమ్మనొక్కదాన్నే పిల్లలకు చూపిస్తే, ఆమె దేన్నుంచి వాళ్ళను కాపాడిందో తెలియదు.

నేను ఎక్కువసేపు ఆగాలనుకున్నది మరో ఘట్టం దగ్గర. రేచెల్ పిల్లలకు ఫరో కూతురికి జమ్ముపెట్టెలో దొరికిన మోషే కథ చెబుతుంది. తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు జాన్ ఆ రాజుల కథ మళ్ళీ చెప్పమంటాడు. ఉన్నది ఒక్కడే గదా అంటుంది. ఇద్దరని చెప్పావే అంటాడు పిల్లవాడు. అప్పుడా ముసలమ్మ వేదగ్రంథం తెచ్చి తప్పు దిద్దదు. ఆలోచిస్తే ఇద్దరేనేమో అని ఒప్పుకుంటుంది. ఏట్లో కొట్టుకొచ్చిన తననూ చెల్లెల్నీ పిల్లవాడు ఆ పెట్టెలో చూసుకున్నాడని ఆమెకు తెలుసు. పిల్లలు పుస్తకాన్ని ఎలా చదువుతారో ఏ గడీ పట్టుకోలేని సంగతి ఇక్కడుంది. మనం ఇచ్చింది వాళ్ళు తీసుకోరు. తమకు కావలసింది తీసుకుంటారు.

ఇంకొకటి. చివర పావెల్‌ను పోలీసులు సరిగ్గా తండ్రిని పడేసినట్టే నేలకేసి అదుముతారు. పిల్లవాడు మళ్ళీ పొట్ట పట్టుకుంటాడు. పరుగెత్తి, బొమ్మతో ఆ మనిషిని బాదుతూ, తీసుకో, నాకొద్దు అని ఏడుస్తాడు. డబ్బు చెదిరిపోతుంది. శత్రువు పట్టుబడితే సంతోషించాల్సిన పిల్లవాడు ఏడవడమేమిటి? తండ్రి వాడి నెత్తిన పెట్టిన బరువు అది. పేదరికం తండ్రి చేత చేయించిన నేరాన్ని కొడుకు కడుపునొప్పిగా మోస్తున్నాడు. మనస్తత్వశాస్త్రం అంటే ఇదీ. భయం కలుగుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో ఇది తెలియదు. ఇక వితంతువును బోధకుడికి కట్టబెట్టిన ఆ పెద్దమనుషులే తర్వాత అతన్ని ఉరితీయాలని గుంపుకట్టి వస్తారు. గౌరవనీయుల పక్షపాతం ఎటు తిరుగుతుందో సినిమా మరచిపోలేదు.

లోపాలు లేవనను. ఆడదాని కోరికను ఈ సినిమా అనుమానంగానే చూస్తుంది. వితంతువు విల్లా, రేచెల్ ఇంట్లోని పెద్దపిల్ల రూబీ ఇద్దరూ మగవాడి మాటకు కరిగిపోయే వెర్రివాళ్ళుగానే మిగిలారు. కోరికలేని ముసలితనానికే సినిమా పవిత్రత ఇచ్చింది. దీన్ని పెద్దపిల్లలతో మాట్లాడాలి. జాబితాలో దీనికి గడి లేదు.

భయానక కథలు పిల్లలకు అవసరమని 1976లో బ్రూనో బెటెల్‌హైమ్ 'ది యూజెస్ ఆఫ్ ఎన్‌చాంట్‌మెంట్'లో వాదించాడు. పిల్లవాడి లోపల ఉన్న భయానికి కథ రూపమిస్తుంది, రూపం వచ్చాక దాన్ని గెలవొచ్చునంటాడు. 1990లో ఆయన పోయాక ఆ పుస్తకంలో ఇతరుల రచనలనుంచి ఒప్పుకోకుండా తీసుకున్నవి ఉన్నాయని బయటపడింది. అది వేరే సంగతి. అంతకుముందే 1979లో జాక్ జైప్స్ వేసిన ప్రశ్న నాకు ముఖ్యం: ఈ రాక్షసుడు మనసులోంచే వచ్చాడా, జమీందారు కోటలోంచి రాలేదా? చందమామలో శవాన్ని భుజాన వేసుకుని నడిచే రాజు కథలు చదివి పెరిగిన మనకు ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం కనిపిస్తుంది.

క్రైస్తవ పక్షాన నాకు దొరికిన గట్టి ఆధారం బైబిలే. సమూయేలు రెండవ గ్రంథం పదకొండో అధ్యాయం ఈ జాబితాలో పెడితే గడులన్నీ నిండిపోతాయి: వ్యభిచారం, మోసం, ఊరియా హత్య. పన్నెండో అధ్యాయంలో నాతాను ప్రవక్త రాజు దగ్గరికొచ్చి, నీవు పాపివి అనడు. పేదవాడి ఒక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెబుతాడు. దావీదు కథలోకి దిగి, కోపం తెచ్చుకుని, తీర్పు చెప్పాక, ఆ మనిషి నువ్వే అంటాడు. శ్రోతను ఎవరి పక్కన నిలబెడుతున్నాం, ఎవరిమీద తీర్పు చెప్పనిస్తున్నాం అన్నదే ఆ ప్రవక్త కొలబద్ద. బూతుమాటలు లెక్కపెట్టలేదు.

మనమేం తక్కువ తినలేదు. 1928లో క్రూప్‌స్కయా ప్రావ్దాలో చుకోవ్‌స్కీ 'మొసలి' గేయకథను చీల్చిచెండాడింది. మొసలి గురించి నిజమైన జ్ఞానం ఇవ్వకుండా అర్థంలేని కల్పన పిల్లలకెందుకని ఆమె అభ్యంతరం. గోర్కీ చుకోవ్‌స్కీ పక్షాన నిలిచాడు. అదే దేశం నుంచి తర్వాత తెలుగులో వచ్చిన బొమ్మల పుస్తకాల్లో మంత్రగత్తెల్నీ మాట్లాడే జంతువుల్నీ చూసి మా తరం మురిసిపోయింది. మన బాలసాహిత్య సభల్లో ఇప్పటికీ 'సందేశం ఉందా' అని అడిగే మిత్రుల చేతిలో ఉన్నది మా అక్క జాబితాకు చుట్టమే. గడుల పేర్లే వేరు.

జాబితాలో తెలుగు పుస్తకం ఒక్కటీ లేదు. నేను 'గబ్బిలం' చేర్చమన్నాను. 1941 నాటి కావ్యం, రాసినవాడు మా వినుకొండ జాషువా, క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు. పురాణ వస్తువులు చేపట్టాడని చర్చి ఆయన్ని దూరం పెట్టింది, కులం చూసి పండితులు దూరం పెట్టారు. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో అకాడెమీ బహుమతి వచ్చింది. అక్క అడ్డుపడింది. "అందులో శివుడికి గదరా కబురు పంపేది? చర్చిలో ఎలా చదివిస్తాను?" అంటరానివాడు గుడిలోకి పోలేక గబ్బిలంతో కబురు పంపుతున్నాడు గదా, పిల్లలు నిలబడాల్సింది ఎవరి పక్కన అన్నాను. జవాబు చెప్పలేదు.

సినిమా మాత్రం చూసింది. ఏటి అడుగున కారులో విల్లా శవం, నీటిమొక్కల మధ్య జుట్టు కదలడం చిన్నపిల్లలు తట్టుకోలేరంది. అది నిజం, నేను ఒప్పుకున్నాను. "ఆ బోధకుణ్ణి చూశాక ఆదివారం పాస్టరుగారి మొహం ఎలా చూస్తారురా పిల్లలు?" అంది. కాసేపు పోయాక, రేచెల్‌ను చూసి తనకు మన అమ్మమ్మ గుర్తొచ్చిందంది. జాబితాలో ఆ పేరుకెదురుగా ఉన్న గడులు కొట్టేసి, 'తొమ్మిది, పది తరగతులకు. నేను పక్కనుండగా' అని రాసుకుంది. 'గబ్బిలం' సంగతి వచ్చే ఆదివారం మాట్లాడదామంది.