గండికోట లోయయు మూడు కటకములును

కడప జిల్లాలో జమ్మలమడుగునకు సమీపమున పెన్నానది ఎఱ్ఱమల కొండలను కోసికొని పారుచున్నది. నది కొండకు గండి పెట్టిన చోట వెలసిన కోట కనుక దానికి గండికోట యని పేరు. ఇటీవల ఈ లోయకు ‘భారతదేశపు గ్రాండ్ కాన్యన్’ అను మరియొక పేరు ప్రచారములోనికి వచ్చినది. ఆ పేరు వెంట ఒక తరహా ఛాయాచిత్రము కూడ వ్యాపించినది. దానిలో అడుగున పెద్ద ఎఱ్ఱని బండ యొకటి కూర్చుండును. నడుమ సన్నని నీటిచార మెరయును. ఎదుటి కొండచరియ దూరమున కుంచించుకొని కనబడును. పైన ఆకాశము పటమున సగము నాక్రమించును. చూచువారు లోయ ఎంత విశాలమైనదో యని ఆశ్చర్యపడుదురు. ఆ వైశాల్యము నది కోసినదా, కటకము కోసినదా యన్నదే ఇచట విచారింపవలసిన ప్రశ్న.

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ 446 కిలోమీటర్ల పొడవు, కొన్నిచోట్ల 29 కిలోమీటర్ల వెడల్పు, 1,800 మీటర్లకు మించిన లోతు గలది. గండికోట లోయ దానితో పోల్చదగిన పరిమాణము గలది కాదు. దాని గొప్పతనము వేరొక చోట నున్నది. ఇక్కడి గట్టిరాతి పొరలు దాదాపు సమతలముగా ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. నిలువు పగుళ్లు వానిని దిమ్మెలుగా కోసినవి. ఎవరో తాపీపనివాడు కట్టిన గోడయా యని భ్రమ కలుగును. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలాశ్రేణులను వర్ణించిన గ్రంథము 1872లో భారత భూగర్భ పరిశోధక శాఖ పక్షమున వెలువడినది. ఈ కడప శిలలు వంద కోట్ల సంవత్సరములకు పైబడినవి. ఈ లోయలో చూడదగినది ఇరుకుతనము, నిటారుతనము, పొరల వరుస. విశాలముగా చూపించు చిత్రము ఈ మూడింటిని చెరపివేయుచున్నది.

ఈ దోషమునకు మూలము కటకముల ఎంపికలో నున్నది. పెద్ద కెమేరాతో, అనగా 4×5 అంగుళముల ఫిలిముతో ప్రకృతి దృశ్యములు తీయదలచినవారికి సాధారణముగా లభించు సలహా యొకటి కలదు: 90, 150, 210 మిల్లీమీటర్ల నాభ్యంతరములు గల మూడు కటకములు కొనుడు, వీలైన 300 కూడ చేర్చుకొనుడు, దృశ్యమునకు మొదట కావలసినది 90. ఫిలిమును అడ్డముగా నుంచినప్పుడు 90 మిల్లీమీటర్ల కటకము సుమారు 67 డిగ్రీల మేర చూపును. 150 సుమారు 44. 210 సుమారు 32. 300 సుమారు 23. ఎక్కువ మేర చూపునది దృశ్యమునకు తగినదను ఊహ పైకి సబబుగానే తోచును.

అయితే కటకము దూరమును పెంచదు, తగ్గించదు. దగ్గరి వస్తువునకు దూరపు వస్తువునకు నడుమ కనబడు పరిమాణ భేదము కెమేరా నిలిచిన చోటును బట్టి యేర్పడును. నాభ్యంతరము ఆ దృశ్యములో ఎంత భాగము ఫిలిముపై పడవలెనో మాత్రమే నిర్ణయించును. కాని ఎక్కువ మేర చూపు కటకము చేత నున్నవానికి ముందుభాగము బోసిగా కనబడును. దానిని నింపుటకు అతడు ఒక బండ దగ్గరకు జరుగును. తప్పు అక్కడ మొదలగును.

ఒక లెక్క వేసి చూడవచ్చును. ఎదుటి చరియ 100 మీటర్ల ఎత్తున, 200 మీటర్ల దూరమున నున్నదనుకొందుము. 90 మిల్లీమీటర్ల కటకముతో దాని ప్రతిబింబము 45 మిల్లీమీటర్లుండును. రెండు మీటర్ల దూరమున నున్న ఒక మీటరు ఎత్తు బండ ప్రతిబింబము కూడ సరిగా 45 మిల్లీమీటర్లే. నడుము ఎత్తు రాయి యొకటి కొండచరియతో సమానమైనది! చూచువాని కన్ను ఆ రాతిని కొలబద్దగా గ్రహించి చరియను ఎక్కడికో నెట్టివేయును. పటము అబద్ధమాడలేదు, అడిగిన ప్రశ్న తప్పు.

బండను వదలి ఆరు మీటర్లు వెనుకకు జరిగిన సరిపోదా యని చదువరి అడుగవచ్చును. సరిపోదు. అంచునకు రెండు మీటర్ల దూరమున, మీటరున్నర ఎత్తున నిలిచిన కెమేరాకు లోయ అడుగు కనబడును. అదే కెమేరా అంచునకు ఎనిమిది మీటర్ల దూరమునకు జరిగినచో అంచు అడ్డుపడి ఎదుటి చరియలో పై 37 మీటర్లు మాత్రమే కనబడును; తక్కినది మరుగగును. కనుక గండికోటలో అంచును విడువరాదు, బండను విడువవలెను. అందుకు తగినది 150 మిల్లీమీటర్ల కటకము. దానితో ఆ చరియ ప్రతిబింబము 75 మిల్లీమీటర్లుండును. ఫిలిము ఎత్తులో నాలుగింట మూడు వంతులకు పైగా రాతిగోడయే నిండును. పొరల వరుస లెక్కపెట్టవచ్చును.

ఇక్కడ ఒక చిక్కు కలదు. లోయ అడుగును పట్టుటకు కెమేరాను క్రిందికి వంచినచో నిలువు చరియలు అడుగున దగ్గరకు వచ్చి గరాటువలె కనబడును. ఫిలిమును నిటారుగా నుంచి, కటకమును మాత్రము క్రిందికి జార్చుట సరియైన పద్ధతి. పైన చెప్పిన లెక్క ప్రకారము 27 మిల్లీమీటర్లు జార్చవలెను. అప్పుడు ఫిలిము మూలలు కటకపు అక్షమునుండి 96 మిల్లీమీటర్ల దూరమున నుండును. కావున కటకము వేయు ప్రతిబింబ వృత్తము కనీసము 192 మిల్లీమీటర్ల వ్యాసము గలదై యుండవలెను. ఫిలిమును కప్పుటకు మాత్రమే చాలునట్టి 160 మిల్లీమీటర్ల వృత్తము గల కటకము ఇచట మూలలను నల్లగా వదలివేయును. సలహాలిచ్చువారు నాభ్యంతరమును పేర్కొని వృత్తమును పేర్కొనకపోవుట గొప్ప లోపము. చొక్కా పొడవు చెప్పి ఛాతీ కొలత చెప్పనట్లున్నది.

కర్నూలు వైపు, కుందూనది లోయకు వచ్చిన సమస్య మారును. పడమట ఎఱ్ఱమలలు, తూర్పున నల్లమలలు, నడుమ నల్లరేగడి మైదానము. కాలివద్ద జొన్నచాలు మొదలు దిగంతము వరకు అంతయు స్పష్టముగా రావలెనన్నచో కటకమును కొంచెము ముందునకు వంచిన చాలును. ఆస్ట్రియా సైన్యాధికారి థియొడోర్ షైంప్‌ఫ్లుగ్ 1904లో పేటెంటు పొందిన పద్ధతులకు ఆధారమైన సూత్రమిదే. మీటరున్నర ఎత్తున నున్న 150 మిల్లీమీటర్ల కటకమునకు దాదాపు 6 డిగ్రీల వంపు చాలును. ఈ ఉపాయము చదునైన నేలకే పనికివచ్చును. గండికోట అంచున ఒకవైపు బండ, మరియొకవైపు పాతాళము; వంపు అక్కడ ఒకదానికి మేలుచేసి వేరొకదానిని చెరచును. అక్కడ రంధ్రమును ఎఫ్ 32, ఎఫ్ 45 వరకు చిన్నది చేయుటయే మార్గము. ఇంకను చిన్నది చేసినచో కాంతి వివర్తనము వలన పటమంతయు మెత్తబడును.

మైదానమునుండి నల్లమలను తీయుటలో 90 మిల్లీమీటర్ల కటకము పూర్తిగా ఓడిపోవును. 15 కిలోమీటర్ల దూరమున 400 మీటర్లు లేచిన కొండవరుస దానితో రెండున్నర మిల్లీమీటర్ల గీతగా మిగులును. 300తో 8 మిల్లీమీటర్లగును. కొండ కొండగా కనబడును. దీనికిని ఒక వెల కలదు. వేసవిలో మధ్యాహ్నము నేలపై గాలి సెగలు గ్రక్కుచు అలలాడును. పొడవైన నాభ్యంతరము ఆ అలలను కూడ పెద్దవి చేయును. ఎఱ్ఱని వడపోత గాజు నీలపు పొగమంచును కోయగలదు గాని ధూళిని కోయలేదు. వానలు వెలిసిన తరువాతి ఉదయములే దీనికి మంచి వేళలు. తిత్తి 300 మిల్లీమీటర్లకు మించి సాగునో లేదో కొనకముందే చూచుకొనవలెను.

ఇంతమాత్రమున 90 మిల్లీమీటర్ల కటకము వ్యర్థమని కాదు. గండికోటలోని ధాన్యాగారములో, జామా మసీదు ప్రాంగణములో వెనుకకు జరుగుటకు చోటుండదు. 2022 వరకు కర్నూలు జిల్లాలోను, ఇప్పుడు నంద్యాల జిల్లాలోను ఉన్న బెలుము గుహలలో అసలే చోటు లేదు. గోడ అడ్డుపడిన చోట అది ఆవశ్యకము. గోడలేని చోట అది ప్రలోభము.

ఎక్కువ కటకములుండుటయే నేర్పు కాదనుటకు చరిత్రలో సాక్ష్యమున్నది. ఆన్సెల్ ఆడమ్స్ 1927లో యోసిమిటీ లోయలోని హాఫ్ డోమ్ చరియను తీయుటకు ఎక్కినప్పుడు వెంట తీసికొనిపోయినవి రెండు కటకములు, పండ్రెండు గాజుపలకలు. ప్రసిద్ధి పొందిన పటము చివరి పలకపై, ఎఱ్ఱని గాజుతో తీసినది. చరియ ఎట్లు కనబడవలెనో ముందే నిశ్చయించుకొనుట వలన ఆ పటము నిలిచినది.

కావున కర్నూలు, కడప సీమలకు వాడుక సలహాను తలక్రిందులు చేయవలెను. మొదట 200 మిల్లీమీటర్లకు మించిన వృత్తము గల 150; తరువాత 300; డబ్బు మిగిలినచో చివర 90. పెద్ద కెమేరా కటకములు నేడు ఎక్కువగా వాడినవే దొరకుచున్నవి గనుక ఒక్కటి తప్పుగా కొన్నను చిన్న సంపాదనపరునికి నష్టమే.

నష్టము కొనువానికి మాత్రమే కాదు. పెన్నపై మైలవరము, గండికోట జలాశయములు ఏర్పడిన పిదప ఈ నది రూపు మారినది; ఊళ్లు మునిగినవి. మారుచున్న నేలకు ఛాయాచిత్రము వాఙ్మూలము వంటిది. ఏబది యేండ్ల తరువాత ఎవరైనను నీరు ఏ పొర వరకు నిలిచెనో, ఏ దిమ్మె రాలెనో తెలిసికొనదలచిన, ముందున్న బండ వారికి సమాధానము చెప్పదు. ఎదుటి గోడ చెప్పగలదు, దానిని గోడగా తీసినవారున్నచో.